తెలిసినా చేయని పరీక్ష: నర్సింగ్, వైద్య విద్యార్థినుల రొమ్ము స్వీయ పరీక్ష లెక్కలను ఎలా చదవాలి?

క్లుప్తంగా

గడ్డలేమైనా ఉన్నాయేమోనని తన రొమ్ములను తానే చూసుకుని, చేత్తో తడిమి పరీక్షించుకునే రొమ్ము స్వీయ పరీక్ష గురించి నర్సింగ్, వైద్య విద్యార్థినులకు తెలుసుననీ, నెలనెలా చేసుకునేవారు మాత్రం తక్కువనీ అధ్యయనాలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. దీన్ని నిర్లక్ష్యం కింద జమకట్టడం తొందరపాటు. నెలవారీ స్వీయ పరీక్ష వల్ల మరణాలు తగ్గుతాయని పెద్ద అధ్యయనాల్లో రుజువు కాలేదు; ఇరవై ఏళ్ల వయసులో దానివల్ల ఒరిగేది ఇంకా తక్కువ. ఈ విద్యార్థినుల విషయంలో చూడవలసినవి వేరే రెండు ఉన్నాయి: గడ్డను గుర్తించగల వేళ్ల నైపుణ్యం, గడ్డతో వచ్చిన స్త్రీని ఆలస్యం లేకుండా సరైన చోటికి పంపగల తెలివిడి.

ఒకే ముగింపు, ఎన్నో అధ్యయనాలు

అక్టోబరు వచ్చేసరికి నర్సింగ్ కళాశాలల్లో గులాబీ రిబ్బన్లు, ర్యాలీలు, చార్టులు పట్టుకుని ఇచ్చే హెల్త్ టాకులు మొదలవుతాయి. రేపటి వైద్య సిబ్బందికి కూడా రొమ్ము స్వీయ పరీక్ష అలవాటు లేదన్న మాట కూడా ఏదో ఒక రూపంలో ఆ నెలలోనే వినిపిస్తుంది. ఆ మాట వెనుక నైజీరియా, ఇథియోపియా, తుర్కియే, సౌదీ అరేబియా, భారతదేశం వంటి అనేక దేశాల నుంచి వెలువడిన అధ్యయనాల గుట్ట ఉంది. దేశం మారినా, కళాశాల మారినా ముగింపు పెద్దగా మారదు: పరీక్ష గురించి విన్నవారు చాలామంది, ఒక్కసారైనా చేసుకున్నవారు అంతకంటే తక్కువ, ప్రతి నెలా క్రమం తప్పకుండా చేసుకునేవారు మరీ తక్కువ.

ఈ లెక్కకు ఇంత ప్రాధాన్యం రావడానికి మొదటి కారణం వ్యాధి భారం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో ప్రపంచమంతటా సుమారు 23 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 6.7 లక్షల మంది దానితో మరణించారు. భారతదేశంలో అదే ఏడాది కొత్త కేసులు 1.92 లక్షలు, మరణాలు 98 వేలకు పైగా. అంటే ప్రపంచ స్థాయిలో మూడు కొత్త కేసులకు ఒక మరణం కూడా లేని చోట, భారత్‌లో రెండు కేసులకు ఒక మరణం చొప్పున నమోదవుతోంది. 2010–14 మధ్య వ్యాధి నిర్ధారణ అయినవారిలో ఐదేళ్లు దాటి బతికినవారు అమెరికాలో 90 శాతం ఉండగా భారత్‌లో 66 శాతమే ఉన్నారు. ఈ తేడాలో పెద్ద వాటా ఆలస్యానిదే. ఇక్కడ చాలామంది స్త్రీలు గడ్డ బాగా పెరిగి, చంకలోకి పాకిన తర్వాత గానీ ఆసుపత్రి గడప తొక్కరు. మొదలుపెట్టిన చికిత్సను మధ్యలో వదిలేసేవారూ తక్కువేమీ కాదు.

రెండో కారణం విద్యార్థినుల రేపటి ఉద్యోగం. ఇవాళ బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న అమ్మాయి నాలుగేళ్ల తర్వాత ఆరోగ్య ఉపకేంద్రంలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుగా, తెలుగు రాష్ట్రాల వాడుకలో ఎం.ఎల్.హెచ్.పి.గా కూర్చునే అవకాశం ఉంది. ఊళ్లో ముప్పై దాటిన స్త్రీల రొమ్ములను పరీక్షించవలసిన మొదటి చేయి ఆమెదే అవుతుంది. తనకు తాను చేసుకోనిది ఇతరులకు ఏం నేర్పుతుంది అన్న ప్రశ్న ఇక్కడే పుట్టింది. ప్రశ్న సబబుగానే కనిపిస్తుంది గానీ, దాని అడుగున రెండు ఊహలున్నాయి. నెలనెలా చేసుకుంటే తప్పకుండా మేలు జరుగుతుందన్నది ఒకటి. తనకు చేసుకోవడమూ ఇతరులకు చేయడమూ ఒకే నైపుణ్యమన్నది మరొకటి. రెండూ తరచి చూడవలసినవే.

అంకెలు ఎలా పుడతాయి

ముందు అంకెల సంగతి. ఈ అధ్యయనాల్లో అత్యధికం ఒకసారి ప్రశ్నపత్రం పంచి, నింపించి, లెక్కగట్టినవి. ఒకటి "ఎప్పుడైనా చేసుకున్నారా" అని అడుగుతుంది, మరొకటి "గత ఆరు నెలల్లో" అంటుంది, ఇంకొకటి "ప్రతి నెలా, బహిష్టు తర్వాత సరైన రోజుల్లో" అని షరతు పెడుతుంది. అందుకే ఒక కళాశాలలో సగానికి పైగా చేసుకుంటున్నారని, పక్క జిల్లా కళాశాలలో పదో వంతు కూడా లేరని ఫలితాలు వస్తాయి. అమ్మాయిలు వేరైనందువల్ల వచ్చిన తేడా కాదిది, ప్రశ్న వేరైనందువల్ల వచ్చినది. పైగా ప్రశ్నపత్రం పంచేది చాలాసార్లు పాఠం చెప్పే మేడమే, సేకరించేది తరగతి గదిలోనే. "చేసుకోను" అని రాయడానికి జంకే చోట సేకరించిన జవాబులు నిజం కంటే కాస్త మెరుగ్గానే కనబడతాయి.

మన నర్సింగ్ కళాశాలల్లో ఎమ్మెస్సీ థీసిస్‌ల కోసం జరిగే అధ్యయనాలకు మరో అచ్చు ఉంది. కొన్ని పదుల మంది విద్యార్థినులకు ముందు ప్రీటెస్ట్, ఆ తర్వాత చార్టులతో ఒక పాఠం, వారం తిరగకుండా పోస్ట్‌టెస్ట్. మార్కులు పెరుగుతాయి. పెరగకపోతేనే ఆశ్చర్యం. పోల్చి చూడటానికి పాఠం వినని జట్టు ఉండదు, ఆరు నెలల తర్వాత మళ్లీ అడిగేవారూ ఉండరు. ఆ మార్కులు జ్ఞాపకాన్ని కొలుస్తాయి. అలవాటు గురించి, చేతి నేర్పు గురించి అవి చెప్పేది ఏమీ లేదు.

ఎందుకు చేసుకోరు

తెలిసినా చేయకపోవడం అనే చిక్కు రొమ్ము పరీక్షతో మొదలైనది కాదు. 1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖ క్షయ వ్యాధికి ఇంటి దగ్గరి వరకూ ఎక్స్‌రే బండ్లు పంపినా జనం రాకపోవడంతో, ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి అక్కడి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆరోగ్య విశ్వాస నమూనా అనే చట్రాన్ని తయారుచేశారు. తనకు ఆ జబ్బు రావచ్చన్న నమ్మకం, వస్తే ఎంత తీవ్రమన్న అంచనా, పరీక్ష వల్ల మేలుందన్న నమ్మకం, దారిలో ఉన్న అడ్డంకులు అనే నాలుగింటి తూకం మీద మనిషి నడుచుకుంటాడని ఆ నమూనా అంటుంది. చేయగలనన్న ధీమా దీనికి తర్వాత చేరింది. 1984లో అమెరికన్ నర్సింగ్ పరిశోధకురాలు విక్టోరియా చాంపియన్ ఈ చట్రాన్ని రొమ్ము స్వీయ పరీక్షకు సరిపోయేలా ప్రశ్నావళిగా మార్చారు. విద్యార్థినుల మీద జరిగిన అధ్యయనాల్లో చాలావాటికి అదే కొలబద్ద.

ఆ కొలబద్దతో చూస్తే విద్యార్థినులు చెప్పే కారణాలు పొందికగా అమరుతాయి. "నాకేం లక్షణాలు లేవు కదా" అన్నది మొదటిది. "సరిగ్గా చేస్తున్నానో లేదో తెలియదు" అన్నది రెండోది. మరిచిపోవడం, ఏదైనా కనబడితే ఎలా అన్న భయం, సిగ్గు ఆ తర్వాత వస్తాయి. వీటిలో రెండోది ఆలోచించదగ్గది. పరీక్షా విధానాన్ని మెట్లు మెట్లుగా రాసి పదికి పది మార్కులు తెచ్చుకున్న అమ్మాయి కూడా తన వేళ్లకు తగిలింది గడ్డో, సహజంగా ఉండే గ్రంథి కణజాలమో తేల్చుకోలేకపోవచ్చు. ఇరవై ఏళ్ల వయసులో రొమ్ము దట్టంగా, గింజలు గింజలుగా తగులుతుంది. బహిష్టుకు ముందు రోజుల్లో మరీ ఎక్కువగా. ఏది మామూలో చెప్పేవారు పక్కన లేకుండా నాలుగుసార్లు తడిమి చూసుకుని, ఏమీ అర్థంకాక మానేయడాన్ని బద్ధకం అనలేం.

ప్రశ్నావళిలో సరిగ్గా ఇమడని కారణం ఒకటుంది: చోటు. ఒక మామూలు నర్సింగ్ హాస్టల్‌ను ఊహించుకుంటే, గదికి నాలుగైదు మంచాలు, అంతస్తుకు కొన్ని స్నానాల గదులు, పొద్దున్న ఆరింటికి క్లినికల్ పోస్టింగ్ బస్సుకు ముందు బకెట్ల వరుస, గోడకు పళ్లెమంత అద్దం, అదీ ముఖం వరకే. స్వీయ పరీక్ష చార్టు మాత్రం నిలువుటద్దం ముందు నడుము వరకూ బట్టలు తీసి, చేతులు పైకెత్తి, నడుముపై ఆన్చి చూసుకోమంటుంది, ఆ పైన వెల్లకిలా పడుకుని భుజం కింద దిండు పెట్టుకుని తడిమి చూడమంటుంది. ఈ పని ఏ గదిలో, ఏ గంటలో చేయాలో చెప్పే చార్టు లేదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు చేసుకోవచ్చు గానీ, బహిష్టు మొదలైన ఏడో రోజు నుంచి పదో రోజు మధ్య అన్న నియమం సెలవుల తేదీలతో కలవదు. నైట్ డ్యూటీల వల్ల నెలసరి తప్పేవారికి ఆ లెక్క మరింత తారుమారవుతుంది.

నెలకొకసారి అన్న వ్యవధిలోనే ఒక లోపముంది. పళ్లు తోముకోవడం రోజూ ఒకే వేళకు, ఒకే చోట జరుగుతుంది కాబట్టి అలవాటుగా స్థిరపడుతుంది. నెలకు ఒకసారి, అదీ ప్రతిసారీ మారిపోయే తేదీన, చేసిన ప్రతిసారీ "ఏమీ లేదు" అన్న ఫలితమే వచ్చే పని అలవాటుగా మారడం కష్టం. ఫోన్‌లో గుర్తుచేసే ఏర్పాటు మతిమరుపును సరిదిద్దగలదు, మిగిలిన వాటిని కాదు.

ఇంటి వైపు నుంచి వచ్చే బెరుకు వేరు. పెళ్లి సంబంధాలు చూసే వయసులో ఉన్న అమ్మాయికి రొమ్ములో గడ్డ అన్న మాట బయటికి పొక్కితే ఏమవుతుందోనన్న భయం చదువుకున్న కుటుంబాల్లోనూ ఉంటుంది. వెతకకపోతే దొరకదు కదా అన్న ఆలోచన దాని నుంచే పుడుతుంది.

బొమ్మ మీద నేర్చిన చేయి

ఎంబీబీఎస్‌లో 2019 నుంచి అమలులోకి వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్య ప్రణాళికలో రొమ్ము వాపును సరైన పద్ధతిలో తడిమి చూడటాన్ని బొమ్మ మీద గానీ అలాంటి మరో సాధనం మీద గానీ చేసి చూపడం ఒక సామర్థ్యంగా ఉంది. అక్కడ నేర్పేది రోగిని పరీక్షించే చేయి, తనను తాను చూసుకునే చేయి కాదు. పరీక్షించేవారు నిలబడి, రోగి పడుకుని ఉన్నప్పుడు వేళ్లు వాలే కోణం ఒకటి. స్వయంగా పడుకుని ఎదుటి చేత్తో చూసుకునేటప్పటి కోణం మరొకటి. కాబట్టి స్వీయ పరీక్ష చేసుకోని విద్యార్థిని రోగిని సరిగ్గా చూడలేదని అనుకోవడానికి ఆధారం లేదు. నెలనెలా చేసుకుంటానని టిక్కు పెట్టిన విద్యార్థిని రోగిలో గడ్డను పట్టగలదన్న హామీ కూడా లేదు.

రెండింటికీ ఉమ్మడిగా ఉన్న మెళకువలు కొన్ని ఉన్నాయి. వేలి కొసలతో పొడవకుండా మధ్య మూడు వేళ్ల మెత్తని భాగంతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ చూడాలి. ఒక్కో చోట ముందు పైపైన, తర్వాత మధ్యస్థంగా, ఆఖరున పక్కటెముకలు తగిలేంత లోతుగా మూడు ఒత్తిడులు ఇవ్వాలి. కాలర్ ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా, ఛాతీ నడిమి ఎముక నుంచి చంక దాకా, దుక్కి దున్నిన చాళ్లలా నిలువు వరుసల్లో వెళ్లాలి. గుండ్రంగా తిరిగే పాత పద్ధతి కంటే ఈ నిలువు వరుసల పద్ధతిలో చూడని భాగం తక్కువగా మిగులుతుంది. రొమ్ము క్యాన్సర్లలో దాదాపు సగం పై భాగంలో, చంక వైపు ఉన్న నాలుగో వంతులోనే పుడతాయి. హడావిడిగా చేసే పరీక్షలో తరచూ జారిపోయేది ఆ మూలే. వేర్వేరు లోతుల్లో గడ్డలు అమర్చిన సిలికాన్ బొమ్మ మీద సాధన చేస్తే ఈ నేర్పు పెరుగుతుంది. ఫ్లిప్ చార్టు చూసి పెరగదు.

షాంఘై చెప్పినది

నెలవారీ స్వీయ పరీక్ష వల్ల ప్రాణాలు నిలుస్తాయా అన్న ప్రశ్నకు ఇప్పటివరకూ వచ్చిన బలమైన జవాబు చైనాది. 1989–91లో షాంఘైలోని జౌళి మిల్లుల్లో పనిచేసే 2.66 లక్షల మంది స్త్రీలను, మిల్లుల వారీగా చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు సిలికాన్ బొమ్మలతో శిక్షణ ఇచ్చి, మొదటి ఏడాది, మూడో ఏడాది మళ్లీ పాఠం చెప్పి, ఐదేళ్లపాటు ఆరు నెలలకు ఒకసారైనా వైద్య సిబ్బంది ఎదుట చేయించారు. రెండో జట్టుకు నడుము నొప్పి రాకుండా ఎలా చూసుకోవాలో చెప్పారు. ఇంతకంటే శ్రద్ధగా స్వీయ పరీక్ష నేర్పిన కార్యక్రమం మరొకటి చూపడం కష్టం. పదేళ్లు దాటాక 2002లో వెలువడిన ఫలితాల్లో, నేర్చుకున్న జట్టులో రొమ్ము క్యాన్సర్ మరణాలు 135, రెండో జట్టులో 131. క్యాన్సర్లు ముందుగా దొరికినట్టు కూడా తేలలేదు. తేడా వచ్చింది మరోచోట: నేర్చుకున్న జట్టులో క్యాన్సర్ కాని గడ్డలు దాదాపు రెట్టింపు బయటపడ్డాయి, వాటికి బయాప్సీలూ (గడ్డ నుంచి ముక్క తీసి చేసే పరీక్షలు) ఆ మేరకు జరిగాయి. రష్యాలో జరిగిన మరో అధ్యయనాన్ని కూడా కలిపి 2003లో చేసిన కాక్రేన్ సమీక్ష (వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచే అంతర్జాతీయ బృందం నివేదిక) అదే మాట చెప్పింది.

మార్గదర్శకాలు మారింది ఆ తర్వాతే. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2003లో నెలవారీ స్వీయ పరీక్షను ఐచ్ఛికం చేసింది. మామూలు ముప్పు ఉన్న స్త్రీలకు దాన్ని 2015లో సిఫార్సుల నుంచే తొలగించింది. వ్యాధి నివారణ పరీక్షలపై సలహాలిచ్చే నిపుణుల బృందమైన అమెరికా నివారక సేవల కార్యదళం 2009లో దాన్ని నేర్పవద్దనే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వీయ పరీక్షను అవగాహన పెంచే సాధనంగానే చూస్తోంది, లక్షణాలు లేనివారిలో జబ్బును వెతికే స్క్రీనింగ్ పద్ధతిగా కాదు. వీటి స్థానంలో వచ్చిన ఆలోచన రొమ్ము స్పృహ: తేదీ, మెట్ల పట్టీ లేకుండా, స్నానం చేసేటప్పుడో బట్టలు మార్చుకునేటప్పుడో తన శరీరం మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకుని ఉండటం, గడ్డ, చర్మంలో సొట్ట, చనుమొన లోపలికి లాగుకుపోవడం, రక్తం కారడం వంటి మార్పు కనబడితే వెంటనే చూపించుకోవడం.

ఈ సంగతి మన విద్యార్థినుల ప్రశ్నపత్రాలకు ఇంకా చేరలేదు. ఐచ్ఛికమని రెండు దశాబ్దాల కిందటే తేలిన దాన్ని తప్పనిసరి అన్నట్టు కొలిచి, చేయనివారిని లోపమున్నవారిగా లెక్కించడం చాలా అధ్యయనాల్లో ఇప్పటికీ నడుస్తోంది.

వయసు లెక్క ఈ వాదానికి బలమిస్తుంది. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో ఏడాదికి రొమ్ము క్యాన్సర్ వచ్చేవారు లక్షకు ఒకరిద్దరిని మించరు. ఆ వయసులో దొరికే గడ్డల్లో అత్యధికం ఫైబ్రోఅడినోమాలు. వేలి కింద గోలీలా జారిపోయే, ప్రమాదం లేని గడ్డలు. అల్ట్రాసౌండ్, అవసరమైతే సూది పరీక్షతో సంగతి తేలిపోతుంది. కానీ తేలేలోపు ఆ అమ్మాయి, ఆమె తల్లి గడిపే వారం రోజులు తేలికైనవి కావు. నెలనెలా వెతికే వెయ్యి మంది ఇరవై ఏళ్ల అమ్మాయిలకు దక్కేది ప్రధానంగా ఈ ఆందోళనే. తల్లికో అక్కకో చిన్న వయసులో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిన అమ్మాయిల సంగతి వేరు. వారికి కావలసింది చార్టు కాదు, జన్యు సలహాతో మొదలయ్యే వైద్య పర్యవేక్షణ.

ముంబయి జోడించినది

షాంఘై ఫలితాన్ని భారత్‌కు యథాతథంగా అతికించడం కూడా సరికాదు. ఇక్కడ గడ్డ ఉన్నట్టు తెలిసి కూడా "నొప్పి లేదు కదా" అని నెలల తరబడి ఊరుకునేవారు చాలామంది. ఆ పరిస్థితిలో రొమ్మును చేత్తో చూసే పరీక్షకు ఇంకా విలువ ఉందా అన్న ప్రశ్నకు ముంబయిలోని క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ సెంటర్ చేసిన అధ్యయనం జవాబిచ్చింది. 1998లో ముంబయి మురికివాడల్లో మొదలై ఇరవై ఏళ్లు సాగిన ఆ అధ్యయనంలో 35–64 ఏళ్ల స్త్రీలు 1.5 లక్షల మంది ఉన్నారు. సగం మందిని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకు ఒకసారి చొప్పున నాలుగు విడతలు పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు, నాలుగు దశల్లో దొరికిన కేసులు పరీక్షించని జట్టులో 47 శాతం ఉంటే, పరీక్షించిన జట్టులో 37 శాతమే. మరణాలు మొత్తం మీద 15 శాతం తగ్గినట్టు కనిపించినా అది గణాంకాల పరీక్షకు నిలవలేదు. యాభై, ఆ పైబడిన వారిలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గుదల నిలిచింది.

ఆ కార్యకర్తలు డాక్టర్లు కారు. తేడా తెచ్చింది తర్ఫీదు పొందిన వేళ్లు, రెండేళ్లకోసారి తప్పకుండా వచ్చే పిలుపు. షాంఘైనీ ముంబయినీ పక్కపక్కన పెడితే నర్సింగ్ విద్యార్థిని వైద్యపరమైన విలువ ఎక్కడుందో కనబడుతుంది: ఆమె తన రొమ్మును చూసుకోవడంలో కంటే, యాభై ఏళ్ల స్త్రీ రొమ్మును చూడటంలో ఎక్కువ.

మన దేశంలో క్యాన్సర్ స్క్రీనింగ్ కోసం రూపొందిన 2016 నాటి ప్రభుత్వ కార్యక్రమ చట్రం ప్రకారం ముప్పై దాటిన స్త్రీలకు ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన సిబ్బంది రొమ్ము పరీక్ష చేయాలి. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి నింపే పత్రంలో రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం కలిసిన స్రావం వస్తోందా, ఆకారంలో మార్పు వచ్చిందా అన్న ప్రశ్నలు ఉన్నాయి. కాగితం మీద ఏర్పాటు బాగానే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము క్యాన్సర్ పరీక్ష జరిగినవారు 0.9 శాతమే. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలై మంగళవారాల్లో నడిచేలా రూపొందిన ఆరోగ్య మహిళ క్లినిక్‌ల వంటివి ఆ ఖాళీని పూడ్చే ప్రయత్నాలు. వాటిలో చూడవలసిన చేతులు ఎన్ని, ఎంత నేర్పుగలవి అన్నది నర్సింగ్ కళాశాలలో తేలే విషయం.

ఏం అడగాలి

కాబట్టి విద్యార్థినుల మీద తర్వాత జరిగే అధ్యయనం "నెలనెలా చేసుకుంటున్నారా" దగ్గర ఆగనక్కర్లేదు. ఐదు గడ్డలున్న సిలికాన్ బొమ్మను చేతికిచ్చి ఎన్ని పట్టుకున్నారో, లేని చోట ఎన్నింటిని ఉన్నట్టు చెప్పారో లెక్కపెట్టవచ్చు. ఆ రెండో లెక్క కూడా ముఖ్యమే, ఎందుకంటే షాంఘైలో నష్టం వచ్చింది కూడా ఇలాంటి ఉత్త అనుమానాల రూపంలోనే. అదే పరీక్షను ఆరు నెలల తర్వాత మళ్లీ పెట్టవచ్చు. నలభై ఐదేళ్ల స్త్రీ రెండు నెలలుగా నొప్పిలేని గడ్డతో వచ్చిందని చెప్పి, ఆమెను ఎక్కడికి, ఎన్ని రోజుల్లో పంపుతారని అడగవచ్చు. లక్షణంతో మొదటిసారి వచ్చిన నాటి నుంచి 60 రోజుల్లోపు వ్యాధి నిర్ధారణ పూర్తికావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లక్ష్యం. సూది గుచ్చితే, కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందని ఆ స్త్రీ అత్తగారు అడ్డుపడితే ఏం చెబుతారన్నది మరో ప్రశ్న. తెలుగు ఊళ్లలో బయాప్సీకి తరచూ ఎదురయ్యే అడ్డు అదే, దానికి పాఠ్యపుస్తకంలో సిద్ధంగా జవాబు దొరకదు.

ఇలా అడిగినప్పుడు ఇప్పటిదాకా ఈ అధ్యయనాలు సాధారణంగా పక్కన పెట్టిన మగ విద్యార్థులూ లెక్కలోకి వస్తారు. రొమ్ము క్యాన్సర్లలో సుమారు ఒక శాతం పురుషులకు వస్తుందన్నది ఒక కారణమైతే, వారు కూడా రేపు అవే ఉపకేంద్రాల్లో, అవే వార్డుల్లో పనిచేస్తారన్నది ఇంకా పెద్ద కారణం. పురుష నర్సు ఉన్న ఉపకేంద్రంలో స్త్రీల రొమ్ము పరీక్ష ఎవరు చేయాలి, ఏ.ఎన్.ఎం. లేని రోజున వచ్చిన స్త్రీని తిరిగి ఏ రోజుకు రమ్మనాలి అన్నవి ఆ కళాశాలల్లో ముందే తేల్చుకోవలసిన ఏర్పాట్లు.